అత్తని తీసిన ఫొటో

అరవైల చివర్లో నేను నరసన్నపేట దగ్గర ఒక పల్లెలో పంతులమ్మని. మా ఆయన సాలూరులో లారీల ఆఫీసులో గుమాస్తా, నెలకోసారి వచ్చేవాడు. అలా వచ్చినప్పుడే ఒక పాత బాక్సు కెమెరా తెచ్చి ఇచ్చాడు. ఇంట్లో ఉండేది నేనూ, మా అత్తా, తెమలని వరిచేల పనీ.

బడి నుంచి వచ్చి, పశువులకి కుడితి పెట్టాక, పొయ్యి రాజేసే లోపల కాస్త వీలు దొరికేది. అప్పుడు కెమెరాని పొట్టకానించుకుని, పైనున్న గాజుపలకలోకి తల వంచేదాన్ని. వాకిలీ, గడ్డివామూ, ఆవూ కుడిఎడమలు తారుమారై, అరచేతిలో పట్టేంత చిన్నవిగా కనిపించేవి. అక్కడ నేను చెయ్యాల్సిన పని ఏదీ లేనట్టుండేది. మీట నొక్కడం అరుదు. ఒక రీలు వేస్తే పంట కోతకొచ్చేదాకా నడిచేది.

"ఏటే, అంతసేపు సూస్తావు, తియ్యవు?" అనేది అత్త.

"ఎండ సరిగ్గా పడాలత్తా."

"ఎండకేటి, రోజూ పడతాది," అని తన పనిలో పడిపోయేది. ఆమె ఊరికే కూర్చోగా నేను చూడలేదు.

నూర్పులయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం మాత్రం గోడకి చేరబడి, ఒళ్లో చేటతోనే కళ్లు మూసుకుంది. ఏటవాలు ఎండ ముఖం మీద పడుతోంది. ఊపిరి బిగబట్టి నొక్కాను.

రీలు పేటలో స్టూడియోకిస్తే, కడిగి ఇవ్వడానికి వారాలు పట్టేది. ఆ ఎదురుచూపు నాకు బాగానే ఉండేది.

ఫొటో వచ్చాక అత్త దాన్ని వెలుతురులోకి తీసుకెళ్లి చూసింది.

"ఈ ముసిల్ది ఎవుతే?"

"నువ్వే అత్తా."

"ఇంతలాగ అలిసిపోయినానేటే? నాకెవులూ సెప్పలేదు."

ఆ రోజు నుంచి అన్నం తినగానే చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. సంతోషించాను. కానీ ఆమె పనులన్నీ నా చేతికొచ్చాయి. చీకటి పడేసరికి నడుం పట్టేసేది. కెమెరాలో కొత్త రీలు వేశాను గాని, తల వంచి చూసే తీరికే లేకపోయింది.

ఒక ఆదివారం నేను బియ్యం చెరుగుతుంటే, చాప మీంచి నన్నే చూస్తూ అంది:

"నన్ను తియ్యడానికి నువ్వున్నావు. నిన్నెవులు తీస్తారే?"

తల దించుకుని చెరుగుతూనే ఉన్నాను. ఆమె లేచొచ్చి నా భుజం పట్టుకుంది.

"లే. ఒక కునుకు తొంగో."

చాప ఇంకా వెచ్చగా ఉంది. కాళ్లు చాపుకున్నాక గాని, అవి ఎంత నొప్పెడుతున్నాయో నాకు తెలీలేదు.