ఆషాఢంలో తెరవని కాన్పు గది

ములుగు రోడ్డులో నేను పంతులుగా పనిచేసిన ఊరి దవాఖానకు ఒక సలహా సంఘం ఉండేది. డాక్టరు, సర్పంచ్, ఇద్దరు పెద్దమనుషులు, నేను. నెలకొకసారి కూర్చునేవాళ్లం. చాయ్ తాగి, పోయిన నెల తీర్మానాలనే మళ్లీ తీర్మానించి లేచేవాళ్లం. సూదులు వేసేది, కట్లు కట్టేది, కాన్పులు చేసేది నర్సమ్మ. ఆమెకు సంఘంలో కుర్చీ లేదు. మేం మాట్లాడుతుంటే గుమ్మం దగ్గర నిలబడేది.

డెబ్బైల చివర్లో దవాఖాన వెనక కాన్పు గది కట్టారు. అప్పటిదాకా కాన్పులన్నీ వరండాలోనే, చీర అడ్డం కట్టి. వేసవికల్లా సున్నం ఆరింది, మంచం వచ్చింది, తాళమూ పడింది. రిబ్బను ఎవరు కత్తిరించాలో తేలక వైశాఖం పోయింది, జ్యేష్ఠం పోయింది. ఆషాఢం వచ్చింది.

"ఆషాఢంల ఎవలన్న కొత్తింట్ల కాలు పెడ్తరా సారూ? సదువుకున్నోళ్లు, మీకు చెప్పాల్నా? శ్రావణం పడంగనే తెరుద్దాం" అన్నాడు సర్పంచ్. తాళంచెవి ఆయన జేబులో ఉంది.

నాకు ఒళ్లు మండింది. "ఇది ఇల్లు కాదు, దవాఖాన. నొప్పులు పంచాంగం చూసుకొని వస్తయా?" అన్నాను. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. నెలలకు మంచీ చెడూ అంటగట్టిందెవరని అడిగాను. రాహుకాలమని కాజీపేటలో ఏ డ్రైవరైనా రైలు ఆపాడా అని అడిగాను. సర్పంచ్ బదులిచ్చాడు, నేను బదులుకు బదులిచ్చాను. గంట గడిచింది. డాక్టరు గడియారం చూసుకున్నాడు. "నాలుగింటి బస్సు పోతే హన్మకొండకు మళ్లా లేదు. జర జల్ది కానియ్యుండ్రి."

అప్పుడు నర్సమ్మ లోపలికి వచ్చింది.

"సారూ, కూలామె ఒకామె వచ్చింది. నాటేస్తాంటే నొప్పులు లేసినయట. వరండ నిండ జల్లు కొడ్తాంది. తాళంచెయ్యి ఇయ్యుండ్రి."

"తీర్మానం కాకుంట ఎట్లిస్త నర్సమ్మా? జర ఆగమను" అన్నాడు సర్పంచ్.

"ఎవల్ని ఆగమనాలె? తల్లినా, పిల్లనా?"

తాళంచెవి లాక్కోవలసిన క్షణం అది. నేనేం చేశాను? "చూశారా! నేను చెప్పేది ఇదే!" అని ఆ కూలి మనిషిని నా వాదనకు ఉదాహరణగా వాడుకొని మళ్లీ మొదలుపెట్టాను. నర్సమ్మ నా వైపు ఒక్కసారి చూసి వెళ్లిపోయింది.

వెనకవైపు నుంచి రాయి దెబ్బలు వినిపించాయి. మేం వెళ్లేసరికి తాళం బురదలో పడి ఉంది. కూలామె వెంట వచ్చిన ముసలి అత్త గుమ్మానికి అడ్డం నిలబడింది. "మొగోళ్లు ఇటు రాకుండ్రి. మీ లొల్లి మీరు చేసుకోండ్రి." డాక్టరూ మాతోనే నిలబడిపోయాడు. సంఘంలో కూర్చున్నంతసేపూ ఆయన కూడా ఒక సభ్యుడే. కాసేపటికి లోపల పసిబిడ్డ ఏడుపు వినిపించింది. ఆషాఢమని ఆ బిడ్డ గొంతేమీ తగ్గించుకోలేదు.

మరుసటి నెల సభలో ఒకటే విషయం: సర్కారు తాళం పగలగొట్టినందుకు నర్సమ్మకు మెమో. కూలామె, బిడ్డ ఎట్లా ఉన్నారని ఒక్కరూ అడగలేదు. ఈసారి నేను క్లుప్తంగానే మాట్లాడాను. మెమో ఇస్తే, తాళంచెవి ఎవరి జేబులో ఉందో కూడా అందులో రాయాలన్నాను. మెమో ఆగింది. కానీ కొత్త తాళం కొనాలని తీర్మానమైంది. ప్రతి ఆదివారం హన్మకొండ పోయేవాణ్ని గనుక తెచ్చే పని నాకే అప్పజెప్పారు.

"తాళం ఏది సారూ?" అని ప్రతి నెలా సర్పంచ్ అడిగేవాడు.

"మరిచిపోయిన" అనేవాణ్ని.

ఆ సంఘంలో ఉన్నన్నేళ్లూ మరిచిపోతూనే ఉన్నాను.