దయ్యం పాట ట్రాక్టర్‌లో దొరికింది

నెట్‌లో "దయ్యం పాట" అని ఒక కథ తిరుగుతుంటుంది. అదొక పాత ఒగ్గు కథ రికార్డింగు. నడి మధ్యలో ఎవరిదో గొంతు "ఎంకన్నా... ఓ ఎంకన్నా" అని పిలుస్తుందట, విన్నవాడి ఫోను ఆరిపోతుందట. ఫైలు మాత్రం ఎవరి దగ్గరా లేదు. పోయిన పాటలు వెతికే మా వాట్సాప్ గ్రూపంతా దాని కోసం ఏళ్లుగా తిరుగుతోంది.

ఈ రోజు నెల్లికుదురులో బస్సు కోసం నిలబడి ఉంటే, వడ్లు దింపి వస్తున్న ట్రాక్టరు స్పీకర్లలోంచి ఆ పిలుపే వినిపించింది. చెయ్యి అడ్డం పెట్టి ఆపాను.

"అన్నా, గీ పాట నీకెక్కడిదే?"

"మా బాపుది. కథ చెప్పుకుంటనే నన్ను నీళ్లు తెమ్మని పిలిచిండు, గది గూడ రికార్డయింది. ఎంకన్నంటే నేనే. బాపు పోయిండు గని, పొద్దుగాల గిది ఇంటేనే నాకు బండి తియ్యబుద్దైతది."

అడగగానే నా ఫోన్‌కు పంపాడు. గ్రూపులో పెడితే ఇవాళ నేనే హీరోని. కానీ పెట్టబుద్ధి కాలేదు, కడుపు మండిపోతోంది. మా నాయిన కూడా పొలం గట్టు మీంచి నన్ను అలాగే పిలిచేవాడు. ఆయన గొంతు నా దగ్గర ఒక్క ముక్క కూడా లేదు.

బస్సులో ఆ ఫైలు మళ్లీ మళ్లీ విన్నాను. ప్రతిసారీ ఎంకన్ననే పిలిచింది.

మీ ఫోన్లలో మిమ్మల్ని పిలిచే గొంతు ఏదైనా ఉందా? ఉంటే చెప్పండి. వినిపించకండి, ఓర్వలేను.