అమ్మ తానే వేసుకున్న ఇంజెక్షను

నా చిన్నప్పుడు మా అమ్మకు రొమ్ములో గడ్డ తేలి, వేలూరులో కీమో మొదలుపెట్టారు. మోర్ధానా ఆనకట్ట నీళ్లతో వరి పండించుకునే ఇల్లు మాది. నాట్లకు దిగితే నడుము ఎత్తని మనిషి, మొదటి కీమోకే మంచం పట్టింది. రక్తంలో తెల్లకణాలు బాగా పడిపోయి జ్వరం కాసింది. దాంతో రెండో కీమో వాయిదా పడింది. ఇట్లా ఆగుతూ పోతే జబ్బు మళ్లీ బలపడుతుందేమోనని పెద్దవాళ్లకు ఒకటే దిగులు.

రెండో కీమో అయ్యాక, తెల్లకణాలను పెంచే ఇంజెక్షను కొన్నాళ్లు రోజూ వేయాలన్నాడు డాక్టరు. దానికోసం రోజూ గుడియాత్తం ఆసుపత్రికి బస్సెక్కితే ఆ జనంలో ఏం రోగం అంటుకుంటుందో! ఇంట్లోనే వేసుకోవచ్చు, నేర్పిస్తానంది నర్సమ్మ. మా నాయన సూది పట్టుకున్నాడు గానీ గుచ్చలేకపోయాడు.

"ఇట్లియ్యి. నా ఒళ్లే గదా, నేనే నేర్చుకుంటా" అంది అమ్మ.

మందును చల్లగా ఉంచాలి, మా ఇంట్లో ఫ్రిజ్జు లేదు. పక్కింటి అక్క తన ఫ్రిజ్జులో ఒక అర ఖాళీ చేసింది. "పిన్నమ్మా, ఈడ పెరుగు గిన్నె గూడా పెట్టనీను" అని, రోజూ సాయంత్రం తానే మందు తెచ్చి, మాకు అందించి, అమ్మకు ఏదీ అంటకూడదని లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడేది.

అమ్మ సబ్బుతో చేతులు కడుక్కుని, పొట్ట మీద చర్మం రెండు వేళ్లతో పట్టి, సూది దించుకునేది. నాయన గోడవైపు తిరిగేవాడు. నేను మాత్రం కళ్లార్పకుండా చూసేదాన్ని.

ఒకరోజు నడుము, తుంటి ఎముకలు నొప్పి పుట్టి అమ్మ మెలితిరిగిపోయింది. నర్సమ్మ ముందే చెప్పిన నొప్పే అయినా, నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ నా చెయ్యి తీసి తన తుంటి మీద పెట్టుకుంది.

"ఏడవద్దు తల్లీ. తెల్లకణాలు పుట్టేది ఈ ఎముకల్లోనే. ఇప్పుడు గబగబా పుడతా ఉండాయి, దానికే ఈ నొప్పి. నువ్వు పుట్టేటప్పుడు గూడా ఇట్లే నొచ్చింది. నేనేమన్నా భయపడినానా?"

నా ఏడుపు ఆగింది. ఆ చెయ్యి అక్కడే ఉంచి, ఆమె పక్కనే పడుకున్నాను.

తర్వాత రక్తపరీక్ష చూసి, కణాలు బాగా పెరిగాయి, ఈసారి వాయిదా అక్కర్లేదన్నాడు డాక్టరు. నాయన ఆసుపత్రి వరండాలో ఎదురుపడిన వాళ్లకల్లా, తెలుగులో కొంత, అరవంలో కొంత, "సూదులన్నీ మా ఇంటామే వేసుకునింది" అని చెప్పుకున్నాడు. కీమోలన్నీ పూర్తిచేసుకుని అమ్మ మళ్లీ మడిలో దిగింది. పరదరామి నుంచి ఒకామె అదే ఇంజెక్షనుకు భయపడి మా ఇంటికి వస్తే, పక్కన కూర్చుని ఆమెకు ధైర్యం చెప్పింది.

అమ్మ పోయి చాలా ఏళ్లయింది. కే.వి.కుప్పం సంతలో ముసలివాళ్లు ఇప్పటికీ నన్ను ఆపి, ఎవరి బిడ్డవమ్మా అని అడుగుతారు. ఊరి పేరు, ఇంటి పేరు తర్వాత. ముందు, తన సూది తానే వేసుకున్నామె కూతుర్ని అంటాను.