వీపు మీద ఉస్తాద్

రాయచూరులో మొహర్రం వచ్చిందంటే, పులివేషం మొక్కుకున్నవాళ్ళంతా పొద్దున్నే, ఒంటి మీద పులిని గీసే చెన్నప్ప గడప ముందు వరస కట్టేవాళ్ళు. అక్కడ హిందువులూ ముసల్మానులూ అని లేదు, చొక్కా విప్పి నిలబడితే అందరూ పులులే. ఊరంతా ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేది. ఆయన కొడుకు సూగప్పకు ఇప్పుడు యాభై ఆరేళ్ళు. ఆటోల వెనక పేర్లు, బండ్లకు నంబర్లు రాసి బతుకుతాడు, మొహర్రంలో మాత్రం తండ్రి కుంచె పడతాడు. నోట్లో నాలుక లేని మనిషని పేరు. అలాంటివాడు మూడేళ్ళపాటు ఒక పగను కడుపులో దాచుకుని తిరిగాడంటే పేటలో ఇప్పటికీ కొందరు నమ్మరు.

పగ సంగతి చెప్పాలంటే ముందు ఆ పని సంగతి చెప్పాలి. చెన్నప్ప బొమ్మలు ఏ బడిలోనూ నేర్చుకోలేదు. ఎప్పుడో ఊరికి సర్కస్ వస్తే, మూడు రోజులు పని మానేసి పులి బోను ముందు కూర్చున్నాడట. “పులి కాళ్ళతోని నడువదురా, భుజాలతోని నడుస్తది” అని జీవితాంతం చెప్పేవాడు. సర్కస్ వెళ్ళిపోయాక ఆయనకు పిల్లులే గతి. గోడ మీద ఒళ్ళు విరుచుకునే పిల్లిని చూపించి, చార ఎక్కడ లావెక్కాలో ఎక్కడ సన్నబడాలో కొడుక్కి నేర్పాడు. చారను వెన్నుపూస దగ్గర ఎత్తుకుని పక్కటెముకల వెంట దించాలి. అప్పుడే మనిషి ఊపిరి తీసినప్పుడల్లా పులి కదులుతుంది. కడుపు మీద ఒక పులిమొహం, వీపు మీద ఒక పులిమొహం వేయాలి. కడుపైతే వేషగాడు వంగి చూసుకుంటాడు, వీపు చూసుకోలేడు. “వాడు చూడడు గదా అని వీపుకు తక్కువ చేసినవో, చేతులిరగ్గొడత” అనేవాడు చెన్నప్ప.

ఆయన చేసిన పనుల్లో చెరిగిపోకుండా నిలిచింది ఒక్కటే, పహిల్వాన్లు కసరత్తు చేసే తాలీంఖానా గోడ మీది నిలువెత్తు పులి. నలభై ఏళ్ళు ఉందది. ఏటా మొహర్రంకు ముందు చెన్నప్ప వెళ్ళి దాని మీసాలకు కొత్త రంగు వేసి వచ్చేవాడు. పేటలో ఏ వేషగాడూ దానికి సలాం చేయకుండా అడుగు తీసేవాడు కాదు.

మంజునాథ్ అనే పేట కుర్రాడు చెన్నప్ప ఇంట్లోనే రంగులు కలపడం నేర్చాడు. సూగప్ప భార్య రామాబాయి చేతి జొన్నరొట్టెలు తిని పెరిగాడు. తర్వాత ఫ్లెక్సీల మిషను పెట్టాడు. నాయకుల మొహాలు అచ్చేసీ అచ్చేసీ, తన మొహం మాత్రం ఏం తక్కువని అనిపించినట్టుంది. మూడేళ్ళ కిందట తన పుట్టినరోజుకు ఆ పులి మీద సున్నం కొట్టించి, గోడకు మేకులు దిగ్గొట్టి, తన మొహమున్న ఫ్లెక్సీ తగిలించాడు.

చెన్నప్ప అప్పటికే మంచం పట్టాడు. అయినా కొడుకు భుజం పట్టుకుని వెళ్ళి చూశాడు. ఇంటికొచ్చి కుంచెలన్నీ కడిగి, గుడ్డలో చుట్టి సూగప్ప చేతిలో పెట్టాడు. నాలుగు నెలలకు కన్నుమూశాడు.

సూగప్ప వెళ్ళి అడిగితే మంజునాథ్ నవ్వాడు.

“పాత బొమ్మ సూగన్నా, రంగు రాలుతుండె. దానికింత ఫికరెందుకు? అంతకన్న పెద్ద పులిని ఫ్లెక్సీల కొట్టిచ్చిస్త తియ్యి.”

ఆ నవ్వు సూగప్ప గుండెలో ముల్లులా దిగబడింది. క్షమాపణ చెబితే సరిపోయే దశ దాటిపోయింది. నలుగురిలో తల వంచాలి వాడు, అంతవరకు తనకు తిన్న అన్నం ఒంటబట్టదు.

అప్పటినుంచి ఒక పని పెట్టుకున్నాడు. వానకు ఇళ్ళ మీద కప్పుకోవడానికి జనం పాత ఫ్లెక్సీలు పట్టుకెళుతుంటారు. సూగప్ప మాత్రం మంజునాథ్ మొహమున్నవే ఏరి తెచ్చుకునేవాడు. వాటిని తిరగేసి పరిచి, వెనక తెల్లటి వైపు తండ్రి మొహం గీసేవాడు. ముక్కు తొందరగానే కుదిరింది. కుంచె కొన వంక చూసీ చూసీ కాస్త ముడుచుకున్న ఆ ఎడమ కన్ను కుదరడానికే ఏడాది పట్టింది.

“కాయితం లేదా, ఈ రోత ఎందుకయ్యా ఇంట్ల?” అంది రామాబాయి.

“కింద వాని మొహం నేలకు రుద్దుకుంటుంటే నా చెయ్యి బాగ తిరుగుతది” అన్నాడు సూగప్ప.

ఈ ఏడు మొహర్రంకు ముందు మంజునాథ్‌కు డెంగ్యూ వచ్చింది. ఆసుపత్రి మంచం మీద, బతికి బయటపడితే పులివేషం కడతానని పీర్లకు మొక్కుకున్నాడు. బతికాడు. ఆ పేటలో చెన్నప్ప ఇంటి కుంచె తాకితేనే పులి. ఇంకొకరు వేస్తే పీర్ల ముందు ఆడనివ్వరు. మంజునాథ్‌కు రాక తప్పలేదు. ఒళ్ళంతా గొరిగించుకుని, ఒంటరిగా వచ్చి అరుగు ముందు నిలబడ్డాడు.

“పాతవన్ని మనసుల పెట్టుకోకు సూగన్నా. మంచిగ వెయ్యి. జనం చూస్తరు.”

“చూస్తరు” అన్నాడు సూగప్ప.

చేతులు చాపించి రెండు కర్రలు ఆసరా ఇచ్చాడు. ముందువైపు తన జన్మలో వేయనంత శ్రద్ధగా వేశాడు. మొక్కు పీర్లది, దానికి లోటు చేస్తే తన చేతికే పాపం. తన గొడవ ఈ మనిషితో. ఛాతీ, కడుపు, తొడలు అయ్యాక వెనక్కి నడిచాడు. వీపు పసుపురంగు మీద చారలు లేకుండా మధ్యలో ఇంత జాగా వదిలాడు. సన్నకుంచె తీశాడు.

“వీపుకు ఇంతసేపేందన్నా? భుజాలు గుంజుతున్నయ్.”

“కదలకు మంజూ. నీకు నేర్పిండు గదా నాయన, వీపుకు తక్కువ చేయొద్దని.”

చాయ్ తెచ్చిన రామాబాయి ఆ వీపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. మంజునాథ్ అరుగు మీదున్న తన ఫోన్ వైపు తలతో చూపించి, “వదినా, ఒక ఫోటో తియ్యి” అన్నాడు. ఆమె భర్త వంక చూసింది. ముందువైపు నిలబడి, ముందువైపే తీసి ఇచ్చింది.

డప్పులు మొదలయ్యాయి. మంజునాథ్ బజారులోకి దూకాడు. అతను ముందుకు పోతుంటే వెనక జనం లేచి నిలబడుతున్నారు. ముసలివాళ్ళు చేతులు జోడించారు. ఆడవాళ్ళు పిల్లల్ని ఎత్తి చూపించారు. మంజునాథ్ తిరిగి చూసేసరికి ఎటు చూసినా దండాలే. పొంగిపోయాడు, ఇంకా ఎగిరాడు. అతని వెంట తిరిగేవాళ్ళు అతనే కావాలని వేయించుకున్నాడనుకున్నారు. “ఉస్తాద్‌ను వీపున మోస్తుండు అన్న, ఎంత పెద్ద మనసు!” అని చెవులు కొరుక్కున్నారు. తాలీంఖానా ముందు, తన ఫ్లెక్సీ కిందే, మంజునాథ్ గుండ్రంగా తిరిగాడు. ముసలి పహిల్వాన్ ఆదెన్న, చెన్నప్ప స్నేహితుడు, కర్రతో నడుచుకుంటూ వచ్చి వీపును తాకి కళ్ళకద్దుకున్నాడు. దీవించాడనుకుని మంజునాథ్ తల వంచాడు.

జనంలో నిలబడి సూగప్ప ఆ వంగిన తలను కళ్ళారా చూశాడు. మూడేళ్ళకు మొదటిసారి గుండెనిండా ఊపిరి తీసుకున్నాడు.

సాయంత్రం మంజునాథ్ కిరసనాయిలు సీసా, గుడ్డ పట్టుకుని వచ్చాడు. ఎవరో ఫోన్‌లో వీపు ఫోటో చూపించారట. కడుపు మీది పులి ఊపిరితో పాటు ఎగిరెగిరి పడుతోంది.

“ఇదేందన్నా! నన్ను గిట్ల చేస్తివి? తుడువు!”

“ఇంట్ల తుడిపిచ్చుకోకపోయినవా?”

“నా పెండ్లాం సుమంగళ ముట్టనంటుంది. ఉస్తాద్ మొహాన్ని రుద్దితే పాపమట. పేటల ఒక్కడు చెయ్యి పెడతలేడు. నా చెయ్యేమో అందదు.”

సూగప్ప కుంచెలు కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

“నేను వేసేటోణ్ని మంజూ. తుడిపేటోనివి నువ్వు గదా. పాత బొమ్మనే, నువ్వే తుడుపుకో.”

మంజునాథ్ సీసా అరుగు మీద పెట్టి వెనుదిరిగాడు. అటు తిరగగానే వీపు ఇటు తిరిగింది.

“ఇప్పుడన్న నీ కోపం తీరిందా?” అంది రామాబాయి.

“గోడ మీద పులి లేదు గదా, ఎట్ల తీరుతది?” అన్నాడు సూగప్ప.

సందులో చెన్నప్ప మెల్లగా దూరమవుతున్నాడు, ఎడమ కన్ను కాస్త ముడుచుకుని కొడుకు వంకే చూస్తున్నాడు. అరుగుల మీద కూర్చున్నవాళ్ళు ఒక్కొక్కరే లేచి నిలబడుతున్నారు. సూగప్ప తడి కుంచె పట్టుకుని, తండ్రి సందు మలుపు తిరిగేదాకా అక్కడే నిలబడ్డాడు.