పన్నెండో నంబరుకు రెస్టు

కంప్యూటరులో ఉండే ఆటగాడికి అలసట ఉండదని మా బావకు ముందే తెలుసా? పద్నాలుగేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలలేదు. అడుగుదామంటే ఇప్పుడు బావ లేడు. ఉన్న రోజుల్లో అడగడానికి నోరు రాలేదు. తెలుసనుకుని ఒకసారి, తెలియదనుకుని ఒకసారి ఆ శనివారాలన్నిటినీ మొదటి నుంచి చదువుకుంటూ వస్తాను. రెండు విధాలుగానూ కథ కుదురుతుంది. ముప్పై ఎనిమిదేళ్ళు అచ్చుతప్పులు దిద్ది బతికినవాణ్ణి. తప్పు ఎక్కడుందో తేల్చలేక పక్కన పెట్టేసిన ప్రూఫు ఇదొక్కటే.

బావ అంటే మా అక్క భర్త. బస్సు డిపోలో డ్యూటీ చార్టు గుమాస్తా. రేపు ఏ డ్రైవరు ఏ బండి ఎన్ని గంటలకు తీయాలి, ఎవరు ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవాలి అన్నది ఆయన చేతిలో ఉండేది. ఆయన గదిలో ఒక గోడ నిండా చెక్క బోర్డు, బోర్డు నిండా మేకులు, మేకుకొక రేకు బిళ్ళ. బిళ్ళ మీద డ్రైవరు నంబరు. సాయంత్రం నాలుగింటికి ఆయన ఆ బిళ్ళలను ఒక్కొక్కటే తీసి రేపటి వరసలో తగిలించేవాడు. రెండు వందల పైచిలుకు బిళ్ళలు. చేతిలో కాగితం ఉండేది కాదు.

ఆయనకు ఒక్కటే పట్టుదల. వరసగా రెండు రోజులు దూరపు రూటు తిరిగినవాడికి మూడో రోజు రెస్టు. ఆకాశం విరిగి మీద పడినా సరే. ఒకసారి రద్దీ రోజుల్లో డిపో మేనేజరు వచ్చి, "ఒక్క రోజే కదండీ, సర్దండి" అన్నాడట. "సార్, ఒక్క రోజు అనేది మీ క్యాలెండర్లో ఉంటుంది. వాడి నడుములో ఉండదు" అన్నాడట బావ. దానికి మెమో వచ్చింది. ఆ మెమోని బావ మడతపెట్టి, ఊగుతున్న కుర్చీ కాలి కింద పెట్టుకున్నాడు. మా అక్క ఈ కథ చెప్పినప్పుడల్లా, "కుర్చీ మాత్రం కుదురుకుంది, మనిషే కుదురుకోలేదు" అనేది.

ఇలాంటి మనిషి, కళ్ళతో ఎన్నడూ చూడని అమెరికన్ ఫుట్‌బాల్ లీగులో తొమ్మిదేళ్ళు ఒక జట్టును నడిపాడంటే ఎవరూ నమ్మరు.

దానికి కారణం చదరంగం. బావ ఎప్పటి నుంచో పోస్టు కార్డుల మీద చదరంగం ఆడేవాడు. అవతలి మనిషి వేరే దేశంలో ఒక రిటైర్డు లెక్కల మాస్టారు. కార్డుకొక ఎత్తు. ఒక్క ఆట ముగియడానికి ఏడాదిన్నర పట్టేది. తర్వాత ఆ మాస్టారు ఓపిగ్గా కూర్చుని ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. పన్నెండు జట్లు, జట్టుకింత మంది ఆటగాళ్ళు, అందరూ ప్రోగ్రాం పుట్టించినవాళ్ళే. నిజం మనిషి ఒక్కడూ లేడు. ఒక్కో జట్టును ఒక్కో దేశంలో ఒకరు నడపాలి. వారానికొక ఆట. ఎవరిని ఆడించాలో, ఎప్పుడు పరుగెత్తాలో, ఎప్పుడు బంతి విసరాలో శనివారం పది లోపు రాసి పంపితే, పదకొండింటికి ప్రోగ్రాం ఆ రెండు కాగితాలనూ ఢీకొట్టించి, ఆటంతా వరస వరసగా అక్షరాల్లో రాసి ఇచ్చేది. బొమ్మ లేదు, చప్పుడు లేదు. మాస్టారు పిలిచాడు, బావ చేరాడు. కంప్యూటరు మాత్రం నా గదిలో ఉండేది. పనిచేసే ప్రెస్సుకు పక్క వీధిలో, రెండో అంతస్తులో ఒంటరిగా ఉండేవాణ్ణి నేను. అలా శనివారాలు నాకు దక్కాయి.

పొద్దున్నే తొమ్మిదింటికల్లా అక్కా బావా బస్సు దిగేవారు. బావ చేతిలో డిపో చార్టు కాగితం, దాని వెనక పెన్సిలుతో రాసిన ఆట పథకం. అక్క చేతిలో కుట్టుపని సంచి. నేను పథకాన్ని వాళ్ళ భాషలోకి మార్చి టైపు చేసి పంపేవాణ్ణి. టీ తాగి పదకొండు దాకా ఎదురుచూసేవాళ్ళం.

మొదటి రోజు అక్క అడిగింది. "అసలు ఈ ఆటేమిటండీ?"

"నాలుగు ట్రిప్పుల్లో పది గజాలు దాటాలి" అన్నాడు బావ. "దాటితే ఇంకో నాలుగు ట్రిప్పులిస్తారు. దాటకపోతే బండి అవతలివాడికి అప్పగించి దిగిపోవాలి."

"ఇంతోటి దానికి అటు పదకొండు మంది, ఇటు పదకొండు మందీనా?"

"బస్సులో మాత్రం? నడిపేది ఒక్కడే. కూర్చునేవాళ్ళు ఎంతమంది?"

ఆట వచ్చాక చదివే పద్ధతి నాది. మొత్తం ఒక్కసారే తెర మీద పడేది కాబట్టి ముగింపు కంటపడితే రుచి పోతుంది. అందుకని ప్రూఫులు చదివేటప్పుడు వాడే అట్టముక్కను తెరకు అడ్డం పెట్టి, ఒక్కో వరసా కిందికి జరుపుతూ పైకి చదివేవాణ్ణి. "రెండో ప్రయత్నం. ఇంకా ఆరు గజాలు కావాలి. పన్నెండో నంబరు విసిరాడు. పట్టుకున్నారు. తొమ్మిది గజాలు." బావ కళ్ళు మూసుకుని వినేవాడు. ఎప్పుడైనా నేను తొందరపడి అట్ట జరిపితే, కళ్ళు తెరవకుండానే "ప్రూఫుల పెద్దమనిషీ, స్టాపు వదిలేశావు" అనేవాడు.

ఆ పన్నెండో నంబరు బావ జట్టుకు ఆయువుపట్టు. బంతి విసిరేది అతనే. మొదటి ఏడు ఇరవై రెండేళ్ళవాడిగా వచ్చాడు. ప్రోగ్రాం అతనికో పేరు పెట్టింది కానీ బావకు మనుషులు నంబర్లతోనే దగ్గరవుతారు. మా ముగ్గురికీ అతను పన్నెండే. అక్క ఒక్కతే "పన్నెండుగారు" అనేది. "పన్నెండుగారికి దెబ్బ తగిలిందటగా, ఎలా ఉంది?" అని వారం మధ్యలో ఫోను చేసి అడిగేది.

అంత మొనగాణ్ణి బావ ప్రతి మూడో ఆటా కూర్చోబెట్టేవాడు. రెండాటలు ఆడాడంటే మూడోదానికి రెస్టు. ఆ రోజు ఏడో నంబరు ఆడేవాడు, మేము సాధారణంగా ఓడేవాళ్ళం. ఈ కారణంగానే ఎనిమిదేళ్ళు ఫైనలు గడప తొక్కలేదు. లీగులో వాళ్ళకు ఇది పెద్ద వింత. ఇదేదో లోతైన ఎత్తు అనుకుని ఒకాయన రెండేళ్ళు బావను అనుకరించి చూశాడు పాపం.

తొమ్మిదో ఏడు పన్నెండుకు ముప్పై వచ్చింది. ఆ ఏడు మంచి ఊపు మీదున్నాడు. రెస్టు రోజుల్లో ఏడో నంబరు కూడా ఎలాగో నెట్టుకొచ్చాడు. సెమీఫైనలు గెలిచాం. ఆ సాయంత్రమే మాస్టారు అందరికీ ఉత్తరం పెట్టాడు. చూపు బాగా తగ్గిందట. ప్రోగ్రాం చూసుకోవడం ఇక తన వల్ల కాదట. ఈ ఫైనలుతో లీగు మూసేస్తున్నాడట.

అంటే బావకు ఇదే మొదటి ఫైనలు, ఇదే ఆఖరిది. మళ్ళీ వచ్చే ఏడు చూద్దాం అనడానికి వచ్చే ఏడు లేదు. నేను వేళ్ళు మడిచి లెక్క చూశాను. సెమీఫైనలుకు ముందాట పన్నెండు ఆడాడు. సెమీఫైనలూ ఆడాడు. ఫైనలు మూడోది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. లీగు మొదలైనప్పుడు మాస్టారు నూట అరవై పేజీల నియమాల పుస్తకం పంపాడు. దాన్ని అచ్చు తీసి ఒక ప్రతి బావకిచ్చాను, ఇంకోటి నేను ఉంచుకున్నాను. ఆయన ప్రతి డిపోలో ఫోను కింద ఉండేది. చదివాడో, ఫోనుకు ఎత్తు కోసం పెట్టుకున్నాడో నాకు తెలియదు. నేను మాత్రం ఆట నియమాలు చదివి, చివరి అనుబంధం వదిలేశాను. అనుబంధాలు ఎవరు చదువుతారని నేనే ఎందరో రచయితలను విసుక్కున్నవాణ్ణి. లీగు మూతపడుతోందన్న దిగులుతో ఆ వారం పుస్తకం తీసి చివరికంటా చదివాను. నూట నలభై రెండో పేజీలో ఉంది. ఆటగాడికి వయసు లెక్క ఉంది. దెబ్బల లెక్క ఉంది. అలసట లెక్క మాత్రం ప్రోగ్రాములో చేర్చలేదు.

తొమ్మిదేళ్ళు. ప్రతి మూడో ఆట. దేనికీ పనికిరాని రెస్టు.

బుధవారం సాయంత్రం డిపోకు వెళ్ళాను. బావ స్టూలు మీద నిలబడి పై వరస బిళ్ళలు మారుస్తున్నాడు. కిటికీ బయట ఒక డ్రైవరు తల లోపలికి పెట్టాడు.

"గుమాస్తాగారూ, రేపు నాది రెస్టేనా?"

"బిళ్ళ కనబడటం లేదూ?"

"కనబడుతోంది సార్. మీ నోటితో అంటే హాయిగా నిద్ర పడుతుందని."

"రెస్టే. వెళ్ళి పడుకో."

డ్రైవరు వెళ్ళాక, "బావా, పన్నెండుకు అలసట లేదు" అన్నాను.

"ఎవరన్నారు?"

"మాస్టారి పుస్తకంలోనే ఉంది. ప్రోగ్రాములో అది పెట్టలేదట. రాయడం కష్టమైంది, తర్వాత చూద్దామనుకున్నాను అని రాశాడు."

బావ బిళ్ళ తగిలించాడు. "మేనేజర్లందరూ అదే అంటారు. తర్వాత చూద్దామని."

"నవ్వులాట కాదు బావా. నువ్వు కూర్చోబెట్టినా ఒకటే, ఆడించినా ఒకటే. అతనికేమీ కాదు. శనివారం ఆడించు. తొమ్మిదేళ్ళ కష్టం."

ఆయన స్టూలు దిగాడు. చేతికంటిన తుప్పు గుడ్డతో తుడుచుకున్నాడు. ఆశ్చర్యం గాని, బాధ గాని ఆ ముఖంలో వెతికాను. వెలుతురు తక్కువగా ఉంది.

"కాగితం మీది పేరుకు నడుముండదని నువ్వంటున్నావు. నేను ముప్పై ఏళ్ళుగా చూసేవన్నీ కాగితం మీది పేర్లే కదరా" అన్నాడు. తర్వాత, "మీ అక్కకు మందులు కొనుక్కుని వెళ్ళు, దారిలోనేగా" అన్నాడు.

శనివారం మామూలుగానే తొమ్మిదింటికి దిగారు. అక్క సంచిలోంచి చొక్కాలు తీసి బొత్తాలు కుట్టడం మొదలుపెట్టింది. బావ కాగితం నా ముందు పెట్టాడు. బంతి విసిరేవాడు అన్న చోట ఏడు అని రాసి ఉంది.

నేను టైపు చేయడం మొదలుపెట్టి ఆ గడి దగ్గర ఆగిపోయాను. ఏడు తీసి పన్నెండు కొడితే సరిపోతుంది. బావ కిటికీ దగ్గర నిలబడి వీధి చూస్తున్నాడు. ఆట గెలిచాక ఏమంటాడు, మహా అయితే వారం రోజులు మాట్లాడడు. నా వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. తప్పయితే దిద్దవచ్చు. రచయిత తెలిసి రాసిందయితే ముట్టుకోకూడదు. తేడా తెలియకపోతే అంచున ప్రశ్న గుర్తు పెట్టి ఆయన్నే అడగాలి.

"బావా, ఇది ఇలాగే కొట్టనా?"

"అంకె మార్చకు" అన్నాడు, వెనక్కి తిరగకుండానే.

"ఏమిటండీ, పన్నెండుగారు రావడం లేదా ఇవాళ?" అంది అక్క.

"రాడు."

"పెళ్ళికి పెళ్ళికొడుకు రాడన్నట్టుంది" అంటూ అక్క పంటితో దారం తెంపింది.

పది కావడానికి నాలుగు నిమిషాల ముందు పంపాను.

పదకొండింటికి ఆట వచ్చింది. అట్టముక్క పెట్టి చదవడం మొదలుపెట్టాను. ఏడో నంబరు ఆ రోజు ప్రాణం పెట్టి ఆడాడనే చెప్పాలి, ప్రోగ్రాముకు ప్రాణమనేది ఒకటుంటే. సగం ఆటకు మాదే పైచేయి. తర్వాత వాళ్ళు దాటారు. ఆఖరి నిమిషంలో నాలుగు పాయింట్లు వెనకబడి, వాళ్ళ చివరి గీతకు మూడు గజాల దూరంలో నాలుగో ప్రయత్నానికి వచ్చి నిలబడ్డాం. గీత దాటితే ఆరు పాయింట్లు, కప్పు మాది. అట్ట జరపడానికి నా చెయ్యి రాలేదు. అక్క సూది ఆపింది.

"జరుపు" అన్నాడు బావ.

"నాలుగో ప్రయత్నం. మూడు గజాలు. ఏడో నంబరు విసిరాడు. నేల మీద పడింది. ఆట అయిపోయింది."

కింద వీధిలో ఎవరో ఇనుప షట్టరు లాగారు. తెర మీద లీగు కబుర్ల పేజీలో ఒక్కొక్కరే రాయడం మొదలుపెట్టారు. గెలిచినవాడికి అభినందనలు, మాస్టారికి కృతజ్ఞతలు. మధ్యలో మాస్టారు బావను ఉద్దేశించి ఒక్క వాక్యం రాశాడు. ఇవాళ కూడా పన్నెండును ఎందుకు ఆడించలేదు మిత్రమా, అని.

నేను వేళ్ళు మీటల మీద పెట్టి బావ వంక చూశాను. ఆయన నన్ను పక్కకు జరగమని కుర్చీ లాక్కున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ మీటలు ముట్టుకోవడం అదే మొదటిసారి. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ ఒకే ఒక్క మాట కొట్టాడు. రెస్టు, అని. కాసేపు దాన్నే చూసి, లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాత పేజీ నిండిపోయింది. ఎవరెవరో ఏయే దేశాల నుంచో వీడ్కోళ్ళు రాస్తున్నారు. ఇన్నేళ్ళూ ఒకరి ముఖం ఒకరం చూడలేదు, అయినా ఇంట్లోవాళ్ళలా ఉన్నాం అని ఒకాయన. నా శనివారాలకు ఇక పని లేదు అని ఇంకొకాయన. ఆ మాట దగ్గర నా కళ్ళు తడిసి వరస కనబడలేదు. తుడుచుకుని, "మనమేం రాద్దాం బావా?" అని వెనక్కి తిరిగాను.

గదిలో అక్క ఒక్కతే ఉంది. ఒళ్ళో చొక్కా, చేతిలో సూది.

"చూడరా, నన్ను కూడా పిలవకుండా దిగిపోయారు" అంది.

కిటికీ దగ్గరకు వెళ్ళాను. బావ వీధి దాటి స్టాపులో నిలబడి ఉన్నాడు. పిలుద్దామనుకున్నాను. బస్సు వచ్చి అడ్డం నిలిచింది. కదిలాక స్టాపు ఖాళీగా ఉంది.