కళ్ళజోడక్క చదివిన కాగితం

గొడుగుల ఫ్యాక్టరీలో ఆమెని అందరూ కళ్ళజోడక్క అనేవాళ్ళు. అసలు పేరు హాజరు పట్టీకీ, జీతం చీటీకీ తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది. ఆమె పని చెకింగ్. కుట్టు సెక్షన్ నుంచి వచ్చిన ప్రతి గొడుగునీ తెరిచి, ట్యూబులైటు కింద ఎత్తిపట్టి, గుడ్డకి చిల్లు పడిందా, ఊచ వంగిందా అని చూసి, మూసి, పట్టీ చుట్టి పక్కన పెట్టాలి. రోజుకి ఐదారువందల గొడుగులు. పందొమ్మిదేళ్ళు అదే పని. ఎత్తీ ఎత్తీ కుడి భుజం పట్టేసింది. తల దువ్వుకోవాలంటే చెయ్యి పైకి లేవదు, కూతురు దువ్వాల్సిందే. ఆస్పత్రిలో లిఫ్టు నడిపే మొగుడు మాత్రం, "నేను రోజంతా మనుషుల్ని పైకెత్తుతాను, నాకేమైనా భుజం నొప్పొచ్చిందా?" అని వేళాకోళం చేసేవాడు.

జీతం లేని ఉద్యోగం ఇంకోటి కూడా చేసేదామె. చదివి పెట్టడం. ఆ సెక్షన్లో ఆడవాళ్ళు ఆమెతో కలిపి నలభై ఒక్కమంది. వాళ్ళలో సంతకం వచ్చినవాళ్ళు సగం, కాగితం చదివి అర్థం చేసుకోగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో. అన్నాల వేళ ఎవరో ఒకరు రొంటిన దోపుకున్న కాగితం మడతలు తీస్తూ వచ్చేవాళ్ళు. ఆస్పత్రి చీటీ, కరెంటు బిల్లు, బడి నుంచి వచ్చిన ఉత్తరం. "అక్కా, ఇదేంటో కాస్త చూడవూ." పేజీ అంతా చదివి రెండు ముక్కల్లో తేల్చి చెప్పేది. చెప్పాక చెయ్యి కడుక్కుని మళ్ళీ అన్నం ముందు కూర్చునేది. విసుక్కున్నట్టు కనబడినా, లోపల ఆ పని ఆమెకి ఇష్టమే. ఇంకా నిజం చెప్పాలంటే, కాస్త గర్వం కూడా.

ఫ్యాక్టరీ మూస్తారని రెండు నెలలుగా గుసగుసలు నడుస్తున్నాయి. ఒక శుక్రవారం మూడున్నరకి సూపర్వైజరు ఒక కాగితాల కట్టా, ఇంకు డబ్బా పట్టుకుని వచ్చాడు. మంచివాడూ కాదు, చెడ్డవాడూ కాదు. పైనుంచి ఏది చెబితే అది కిందకి అందించే మనిషి.

"ఇది సెటిల్మెంటు కాగితం. సంతకం పెట్టినవాళ్ళకి రేపే బ్యాంకులో డబ్బు పడుతుంది. నాలుగింటికి ఆఫీసుకి తాళం వేస్తారు, తొందరగా కానివ్వండి."

చీమ తలకాయల్లాంటి అక్షరాలు. వెనక నలభైమంది తోసుకుంటున్నారు. కళ్ళజోడక్క పైనున్న నాలుగు వరుసలు చదివింది. 'నాకు రావలసిన జీతం, ఇతర మొత్తాలు పూర్తిగా అందినవి' అని ఉంది. కింద చివరి వరుస కూడా చూసింది. నడుమ చూపు అలా జారిపోయింది.

"ఏముందక్కా అందులో?" అంది ఆమె భుజం మీంచి తొంగిచూస్తూ ఊచలావిడ. ఊచలు బిగించే బల్ల దగ్గర పనిచేసేది కాబట్టి ఆమెకా పేరు. మొగుడు పోయి ఆరేళ్ళు. మంచంలో ఉన్న అత్తగారిని ఒక్కత్తే చూసుకుంటోంది.

"ఏం లేదు. లెక్క తేలిపోయినట్టు రాయించుకుంటున్నారు. పెట్టేయండి."

పెట్టేశారు. సంతకం వచ్చినవాళ్ళు సంతకం, రానివాళ్ళు వేలిముద్ర. నాలుగయ్యేసరికి అంతా అయిపోయింది.

ఫ్యాక్టరీ మూతపడి పని పోయినవాళ్ళకి ఆరు నెలలు సగం జీతం చొప్పున భృతి వస్తుందని అందరికీ తెలుసు. ఆ ధైర్యంతోనే ఎవరూ పెద్దగా ఏడవలేదు. కళ్ళజోడక్క కూతురు ఫోన్లోనే దరఖాస్తు పెట్టింది. మిగతావాళ్ళు కూడా ఎవరి పిల్లల చేతో పెట్టించుకున్నారు. మూడు వారాలకి అందరికీ ఒకే మెసేజీ వచ్చింది. 'మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. కారణం: 07.'

ఏడో నంబరు కారణం ఏమిటో ఎవరికీ అంతుబట్టలేదు. ఫోను చేస్తే అరగంట సేపు సంగీతం వినిపించి, దానంతటదే తెగిపోయింది. ఇలా కాదని కళ్ళజోడక్క నలభైమంది దరఖాస్తు నంబర్లూ ఒక నోటుపుస్తకంలో రాసుకుని, మర్నాడు భృతి ఆఫీసుకి వెళ్ళింది.

ఆ ఆఫీసులో కుర్చీలన్నీ ఒకదానికొకటి బిగించి ఉంటాయి. ఒకరు లేస్తే వరుసంతా ఊగుతుంది. టోకెన్ల మిషనులో కాగితం అయిపోయి ఎన్నాళ్ళయిందో, గుమ్మం దగ్గర కాపలామనిషి పాత ఫారాలు చింపి వాటి వెనక నంబర్లు రాసి ఇస్తున్నాడు. ఆమెది డెబ్బై రెండు. మధ్యాహ్నం రెండింటికి నాలుగో కౌంటరుకి పిలిచారు. అద్దం వెనక సన్నటి గుమాస్తా, జలుబు చేసినట్టున్నాడు, ముక్కు తుడుచుకుంటూ నంబరు కొట్టాడు.

"సున్నా ఏడంటే తమంతట తాము మానేసినవాళ్ళమ్మా. వాళ్ళకి భృతి రాదు."

"నేను మానేయడమేంటి సార్? ఫ్యాక్టరీకే తాళం వేస్తేను!"

"మీరు రాజీనామా ఇచ్చారే."

"నేనా?"

అతను వాదించలేదు. కంప్యూటరు తెరని ఆమె వైపు తిప్పాడు. అదే కాగితం. అడుగున తన సంతకం, చివర తోకతో సహా. గుమాస్తా ఐదో వరుస మీద వేలు పెట్టాడు. 'నా సొంత కారణాల వల్ల, నా ఇష్టపూర్వకంగా ఉద్యోగమునకు రాజీనామా చేయుచున్నాను.'

మూడుసార్లు చదువుకుంది. వచ్చే నెల ఇంటద్దె కూడా గుర్తుకు రాలేదామెకి. 'పెట్టేయండి' అన్న తన గొంతు ఒక్కటే చెవుల్లో వినబడింది. చేతిలో నోటుపుస్తకం ఉంది, అందులో నలభై నంబర్లున్నాయి. వాటి గురించి అడగాల్సిన పని లేకపోయింది.

"దీనికి దారి లేదా సార్?"

"అప్పీలు వేసుకోవచ్చు. మెసేజీ వచ్చిన ముప్ఫై రోజుల్లోపు. రుజువులు కావాలి."

ఆ సాయంత్రం ఊచలావిడ ఇంటి ముందు అందరినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. దాస్తే దాగేదే. వాళ్ళకి ఆ కాగితంలో ఏముందో ఈ జన్మకి తెలిసేది కాదు. అయినా చెప్పింది. ఎవరూ గొంతెత్తలేదు. తిట్టి ఉంటే ప్రాణం కాస్త తేలికపడేది. బొత్తాల బల్ల దగ్గర పనిచేసే ముసలావిడ మాత్రం, "చదువొచ్చినదానివని నమ్మాం కదే తల్లీ," అని కొంగుతో మొహం తుడుచుకుంది.

"నువ్వేమైనా కావాలని చెప్పావా," అంది ఊచలావిడ.

అప్పుడే కళ్ళజోడక్క రెండో తప్పు చేసింది. మొదటిది దిద్దుకోవాలన్న ఆరాటంలో చేసింది.

"ముందు నాదొక్కటీ వేస్తాను. నాది గెలిస్తే అందరిదీ గెలిచినట్టే. అదే కాగితం, అదే కారణం. మీరంతా పనులు మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని తిరగడం దేనికి? నేను తిరుగుతాను."

అప్పటికే కొందరు ఇళ్ళలో అంట్లు తోమడానికి కుదిరారు. ఒకపూట మానితే ఆ ఇల్లు పోతుంది. సరే అక్కా అన్నారు. మళ్ళీ నమ్మారు.

రుజువుల కోసం మొదట సూపర్వైజరు దగ్గరికే వెళ్ళింది. పట్టపగలు లుంగీ కట్టుకుని గుమ్మంలో కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాడు.

"అందరి చేతా బలవంతాన పెట్టించానని రాసివ్వు బాబూ. నీకు పుణ్యముంటుంది."

"నాదీ సున్నా ఏడే అక్కా," అని నవ్వాడు. ఉల్లిపాయల వల్లో మరెందువల్లో కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా చేత కూడా అదే కాగితం మీద పెట్టించారు."

"మరింకేం? రాసివ్వు."

"యజమాని ఇంకో చోట షెడ్డు వేస్తున్నాడు. నన్ను తీసుకుంటానన్నాడు. రాసిస్తే తీసుకుంటాడా?"

ఆమెకి ఒళ్ళు మండింది. కానీ అతని వెనక గదిలో ఇద్దరు పిల్లలు ఒకే పుస్తకం పంచుకుని చదువుకుంటున్నారు. వెనక్కి తిరిగి వచ్చేసింది.

రుజువు చివరికి ఫ్యాక్టరీ గేటు కాపలా ముసలాయన దగ్గర దొరికింది. తాళం వేసిన రోజు గేటుకి అంటించిన మూసివేత నోటీసుని వానకి తడవకుండా ఊడదీసి, తన గదిలో బల్ల మీద పరుచుకున్నాడు. దాని మీద టీ గ్లాసు మరకలు గుండ్రంగా అచ్చుపడి ఉన్నాయి. తేదీ మాత్రం చక్కగా కనిపిస్తోంది. రాజీనామాలకి పన్నెండు రోజుల ముందరి తేదీ. ఇంకో రెండు వారాల్లో ఫ్యాక్టరీ మూస్తున్నామని వాళ్ళే రాసుకున్నారు.

పదిహేడో రోజున అప్పీలు వేసింది. విచారణకి డెబ్బై రోజులు పట్టింది. ఈ లోపల ఆఫీసు చుట్టూ చెప్పులరిగేలా తిరిగింది. ఫైలు పై అంతస్తులో ఉందన్నారు, కింద ఉందన్నారు, సాయంత్రం వచ్చి చూడమన్నారు. ఇంట్లో మొగుడి జీతం ఒక్కటే. కూతురు చెప్పాపెట్టకుండా కాలేజీ మానేసి మందుల షాపులో చేరింది. అడిగితే, "ఒక ఏడాదే కదమ్మా," అంది.

విచారణ అధికారి నడివయసావిడ. మణికట్టుకి కట్టు కట్టుకుని, ఎడమచేత్తో కాగితాలు తిప్పుతోంది. నోటీసు చూసింది, రాజీనామా చూసింది. గబగబా చదివినా ఒక్క వరుస కూడా వదల్లేదు. అది కళ్ళజోడక్క గమనించింది.

"నలభై ఒక్కమందికి ఒకే రోజు మధ్యాహ్నం మూడున్నరకి సొంత కారణాలు పుట్టుకొచ్చాయా?" అందావిడ కంపెనీ తరఫున వచ్చిన కుర్రలాయరుతో. అతను కాగితాల్లోకి తలదూర్చాడు. "అప్పీలు ఒప్పుకుంటున్నాను. ఈమెకి మొత్తం భృతి ఇవ్వండి."

కళ్ళజోడక్క చేతులెత్తి దణ్ణం పెట్టబోయి ఆగింది. "మిగతా నలభైమందికి కూడా ఇదే వర్తిస్తుంది కదమ్మా?"

"వాళ్ళు అప్పీలు వేశారా?"

"లేదమ్మా. నాది తేలాక వేద్దామని ఆగారు."

ఆవిడ కలం కింద పెట్టింది. "ఎవరమ్మా వాళ్ళని ఆగమన్నది? ఎవరిది వాళ్ళు వేసుకోవాలి. ముప్ఫై రోజులు ఎప్పుడో దాటిపోయాయి."

కళ్ళజోడక్క బల్ల ముందు నుంచి కదల్లేదు.

"ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే తీసుకోవచ్చు. చూపించమనండి," అని ఆవిడ ఇంకో ఫైలు అందుకుంది.

నలభై అర్జీలూ కళ్ళజోడక్కే రాసింది. భుజం సలుపుతున్నా ఒక్కటి కూడా కూతురి చేత రాయించలేదు. ఆలస్యానికి కారణం అన్న చోట అందరికీ ఒకటే రాసింది: 'ఆగమని మా తోటి ఉద్యోగి చెప్పినందువల్ల ఆగితిని.' కింద తన పేరు పెట్టింది, పందొమ్మిదేళ్ళుగా ఎవరూ పిలవని పేరు. నాలుగో కౌంటరు గుమాస్తా అది చదివి తల అడ్డంగా ఊపాడు.

"ఇది కారణం కిందకి రాదమ్మా. ఆస్పత్రి చీటీలు, చావు పత్రాలు ఉన్నవాళ్ళు జత చెయ్యమనండి."

"ఏ చావూ రాకపోతే?"

అతను ముద్ర వేసి లోపల పెట్టుకున్నాడు.

ఇంత చేసినా ఆమె డబ్బు ఆమెకి రాలేదు. ఫోన్లో 'చెల్లింపు పంపడమైనది' అని ఉంది. బ్యాంకు వాళ్ళు రాలేదన్నారు. ఆఫీసు వాళ్ళు పంపేశామన్నారు. రెండింటి మధ్య బంతిలా ఏడు వారాలు తిరిగింది. ఆఖరికి ఆ గుమాస్తాయే, "ఊరందరి అర్జీలూ తెస్తారు, మీది ఇంకా తేలలేదా?" అని అడిగి, తనే బ్యాంకుకి ఫోను చేశాడు. ఇంటిపేరు వీళ్ళ దగ్గర ముందుంది, బ్యాంకులో వెనకుంది. డబ్బు వెళ్ళడం, తిరిగి రావడం మూడుసార్లు జరిగింది. ఆ సంగతి ఆమెకి చెప్పాలని ఎవరికీ తోచలేదు. పేరు సరిచేయడానికి అతనికి నాలుగు నిమిషాలు పట్టింది.

అర్జీల ఫలితం, ఆమె డబ్బు ఒకే వారంలో వచ్చాయి. నలభైలో పదకొండు ఒప్పుకున్నారు. అప్పీలు వెయ్యకుండా ఆగిన ఆ మూడు నెలల్లో ఒంట్లో బాగాలేకో, ఇంట్లో ఎవరో పోయో కాగితం చూపించగలిగినవాళ్ళవి. బొత్తాల ముసలావిడ అందులో ఉంది, ఆమెకి కంటి ఆపరేషను అయింది. ఊచలావిడది కొట్టేశారు. అత్తగారు మంచంలో ఉన్నది నిజమే కానీ, ఆ ముసలమ్మని ఏనాడూ ఆస్పత్రికి తీసుకెళ్ళే స్తోమత లేదు కనక చీటీ లేదు.

తిరస్కరణ కాగితం తీసుకుని ఇద్దరూ ఆఫీసు బయట బస్సు కోసం నిలబడ్డారు. ఎండ మాడుస్తోంది. సూపర్వైజరు కొత్త షెడ్డులో చేరాడని, ఫ్యాక్టరీ ఇంకో పేరుతో మొదలైందని, వయసులో ఉన్న పదిమందిని సగం కూలికి పిలిచారని ఊచలావిడ చెప్పింది. ఎవరి సంగతో చెప్పినట్టు చెప్పింది.

"నాకొచ్చినదాంట్లో సగం నీకిస్తాను," అంది కళ్ళజోడక్క.

"నాకిస్తే మిగతా ఇరవై ఎనిమిది మందికీ ఏమిస్తావు?"

"వాళ్ళ సంగతి తర్వాత. నువ్వు తీసుకో."

"వద్దక్కా. మీ పిల్ల కాలేజీకి కట్టు." కాగితాన్ని నాలుగు మడతలు వేసి సంచిలో పెట్టుకుంది. "నీ మీద కోపం తెచ్చుకుందామని చూశాను. రావడం లేదు. వస్తే బాగుండేది. ఎవరినో ఒకరిని తిట్టుకుంటూ పని చేసుకునేదాన్ని."

"తిట్టవే. తిట్టు."

ఊచలావిడ ఆమె మొహంలోకి చూసింది. అంతలో బస్సు వచ్చింది. ఇద్దరిదీ ఒకటే వీధి, ఒకటే బస్సు. ఊచలావిడ ఎక్కి, లోపల కమ్మీ పట్టుకుని నిలబడింది, గుమ్మం వైపు వీపు పెట్టి.

కళ్ళజోడక్క మెట్టు మీద కాలు పెట్టి, మళ్ళీ తీసేసింది. తర్వాతి బస్సుకి ముప్పావుగంట ఉందని పక్కనున్నాయన చెప్పాడు. ఫరవాలేదంది.