నాయన దవడలో మరలు

మా నాయన సన్నాయి వాయించేవాడు. నాదెండ్ల నుంచి నకరికల్లు దాకా ఏ గుళ్లో కల్యాణం జరిగినా తెల్లవారకముందే మేము అక్కడ ఉండాలి. ఇంట్లో నమాజు, గుళ్లో మేలుకొలుపు. అందులో వింతేమీ ఎవరికీ కనిపించేది కాదు. నేను శ్రుతిపెట్టె పట్టుకునేవాణ్ణి. అది కూడా ఒక వాయిద్యమేనని మా ఇంట్లో నేనొక్కణ్ణే నమ్మేవాణ్ణి.

ఒక వేసవిలో నాయనకు పై వరసలో ముందు పళ్ళు రెండూ పోయాయి. సన్నాయి ఊదేవాడికి అవి పెదవి వెనక గోడ. గోడ కూలితే ఊపిరి నిలవదు. మేలుకొలుపు పంక్చరైన సైకిలు ట్యూబులా వచ్చింది. కట్టుడు పళ్ళు పెట్టి చూశాడు. పై షడ్జం పట్టగానే అవి సన్నాయి పీకతో పాటు బయటికొచ్చాయి. పెళ్ళివాళ్ళు మాచర్ల మేళాన్ని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

గుంటూరులో ఒక పళ్ళ డాక్టరు మద్రాసులో కొత్త పని నేర్చుకొచ్చాడని విని వెళ్ళాం. దవడ ఎముకలోకి లోహపు మర దింపి, అది ఎముకకు పట్టుకున్నాక దాని మీద పన్ను బిగిస్తాడట.

"మరంటే? మోటారుకేసినట్టా?" అన్నాడు నాయన.

"స్పేరు నట్టు కూడా ఇస్తారులే నాయనా," అన్నాను.

డాక్టరు నవ్వలేదు. నెలల తర్వాత పళ్ళు బిగించిన రోజు రెండే మాటలు చెప్పాడు. పొద్దునా రాత్రీ మెత్తటి బ్రష్షుతో చిగురు అంచు శుభ్రం చేయాలి. పెరుగు తింటే మంచిదే, చెడ్డ సూక్ష్మజీవులతో పోటీపడే మంచివి అందులో ఉంటాయి, కానీ తోమడానికి అది బదులు కాదు.

నాయన పెరుగు మాట ఇంటికి తెచ్చుకున్నాడు. బ్రష్షు మాట బస్టాండులోనే వదిలేశాడు. కారణం లేకపోలేదు. మా వాళ్ళలో పీకను ఎవరూ తోమరు. ఊదేటప్పుడు పెదాల మధ్య పెట్టుకునే ఆ రెల్లుముక్క కొత్తలో కీచుమంటుంది. ఉమ్ముతో తడిసి తడిసి పదునుకొస్తుంది. రుద్దితే దాని గొంతు పోతుంది. నాయన దృష్టిలో కొత్త పళ్ళూ అంతే.

మళ్ళీ పెళ్ళిళ్ళు వచ్చాయి. నాయన బాగానే ఊదాడు. కొన్నాళ్ళకు చిగురు ఉబ్బింది. పీక మీద ఎర్రటి చార కనిపించసాగింది.

"పాచి పట్టింది. ఆ బ్రష్షు పెట్టుకోరాదా?" అంది అమ్మ.

"పదునెక్కుతున్నయ్యే. నీకేం తెలుసు?"

"ఏంది ఎక్కేది? వాసనా?"

అమ్మ పుల్లమజ్జిగ ఇచ్చి పుక్కిలించమంది. వాసన తగ్గింది. పొరపాటు అక్కడే జరిగింది. వాసన తగ్గితే జబ్బు తగ్గిందనుకున్నాం.

"మంచి పురుగులుంటయ్యంట గదా, అయ్యే చూసుకుంటయ్," అన్నాడు నాయన.

"అయితే ఎడ్లపాడు పెళ్ళికి వాటినే పంపుదాం. మనం పడుకుందాం."

"ఒరేయ్, నోరు ముయ్."

"నా నోరు బానే ఉంది నాయనా."

ఆ ఎడ్లపాడు పెళ్ళిలోనే ఆలాపన మధ్య నాయన ఆగిపోయాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. తెల్ల తువ్వాలు తెల్లగా ఉండలేదు. డోలు బాబాయి ఏం చేయాలో తెలియక వాయిస్తూనే ఉన్నాడు. పెళ్ళివారు డోలు బాగుందన్నారు.

గుంటూరులో డాక్టరు మరలను వేళ్ళతోనే తీశాడు. బలం పెట్టాల్సిన పని లేకపోయింది.

"బ్రష్షు వాడావా?" అన్నాడు.

నాయన నా వైపు చూశాడు. ఏదో ఒకటి అంటానని, దాంతో ఆ మాట పక్కకు పోతుందని ఆశపడ్డాడేమో. నాకేమీ తట్టలేదు.

"మళ్ళీ ఎయ్యగలరా అయ్యా?"

"వెయ్యడానికి అక్కడ ఎముక మిగల్లేదు."

తిరుగు బస్సులో పక్కవాడు ఎక్కడికని అడిగితే నాయన నోటి మీద తువ్వాలు తీయకుండా నన్ను చూపించాడు.

తర్వాతి పెళ్ళికి నాయన నా చేతిలోంచి శ్రుతిపెట్టె తీసుకుని, సన్నాయి నా ఒళ్ళో పెట్టాడు.

"పళ్ళు తోముకున్నవా?" అన్నాడు.

"రెండుసార్లు."

తల ఊపి శ్రుతి పట్టాడు. నేను ఊదాను. కొత్త పీక, కీచుమంది. నాయన కళ్ళు మూసుకున్నాడు, తువ్వాలు ఇంకాస్త పైకి లాక్కున్నాడు. ఎవరూ లేచిపోలేదు. భోజనాలు ఇంకా వడ్డించలేదు.